బండికి కదలిక లేదు

ఆ ఆదివారం పొద్దున బాలకృష్ణ సారు పెట్టుకున్న పని ఒక్కటే. కరెంటు స్కూటరును ఎక్కడ బాగుచేయించాలో తేల్చుకోవాలి. మర్నాడు చిట్యాలలో పరీక్షల డ్యూటీ. ఎనిమిదింటికల్లా ప్రశ్నపత్రాల దగ్గర ఉండాలి. స్కూటరేమో చార్జింగ్ నిండుగా చూపిస్తూనే అంగుళం కదలడం లేదు. కంపెనీవాళ్ళు పన్నెండు రోజులయ్యాక తెమ్మన్నారు. సందు చివరి మెకానిక్ దూరం నుంచే చూసి, "కరెంటుది నేను ముట్ట సారూ" అన్నాడు.

దాంతో సారు కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాడు: "మా బండికి నిన్నటి నుంచి కదలిక లేదు. ఎక్కడ చూపిస్తే మంచిది?"

ఎదురింటి ఇస్రాయేలు వెంటనే ఫోన్ చేశాడు. ఆయన దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి.

"ఎట్ల మొదలైంది సారూ?"

"పాలకు పోతుంటే దారిల రెండుసార్లు ఆగుడైంది."

"ఇగ నల్గొండల లాభం లేదు. హైదరాబాదే. పండవెట్టి తీస్కపోవాలె. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను మాట్లాడి పంపిస్త."

ట్రాలీ ఆటో పంపుతున్నాడనుకున్నాడు సారు. గ్రూపు చూస్తే ఆశ్చర్యం. ధైర్యంగా ఉండమని పదిమంది రాశారు. ఒకామె యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకున్నానంది. ఒక స్కూటరు కోసం నల్గొండలో ఇంతమంది ఇంతగా బాధపడతారని ఆయన ఏనాడూ అనుకోలేదు. కళ్ళు చెమర్చాయి.

అరగంటలో ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. వెనకే బ్రెడ్డు, అరటిపండ్లతో పక్కింటి అండాలు, ఆమె వెనక సగం కాలనీ.

"శైలజా, బండి ఎట్లున్నడమ్మా?" అంది అండాలు.

సారు భార్య శైలజ తండ్రి పేరు బండి సోమన్న. మూడు నెలల కింద కూతురి దగ్గరికి వచ్చాడు. ఆ వీధిలో అప్పటికే ఒక సోమన్న ఉండటంతో ఈయనను అందరూ ఇంటిపేరుతో బండి అనే పిలుస్తున్నారు. అల్లుడి ముందు అలా అనరు కనుక ఆ సంగతి సారుకు తెలియదు.

సోమన్న ఉప్మా తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. ఇద్దరు మనుషులు ఆయన్ను అమాంతం ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"నాకేమైందయ్యా?"

"మాట్లాడకు పెద్దాయినా, ఆయాసం వస్తది."

ఇస్రాయేలు నాడి పట్టుకుని చూశాడు. అది తన నాడి కన్నా బాగుంది. ఇంతలో సారు స్కూటరును తోసుకుంటూ జనం మధ్యకు వచ్చాడు.

"ఇస్రాయేలన్నా, బండి ఇది."

జనం స్కూటరునూ స్ట్రెచరునూ మార్చి మార్చి చూశారు. స్ట్రెచర్ మీది నుంచి సోమన్నే తల ఎత్తాడు.

"దానికేమైంది అల్లుడా?"

ఆయన నలభై ఏండ్లు బోరు మోటార్లు పైకి గుంజి, విప్పి, వైండింగ్ చేసిన మనిషి. దిగి వచ్చి స్కూటరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాళం తిప్పించి, చక్రం దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎనక లైటు చూడు. బ్రేకు పట్టకున్నా ఎలుగుతనే ఉంది. బ్రేకు పట్టిన్రనుకుంటాంది ఇది. ఇగ మోటరుకు కరెంటు ఎట్లిస్తది?"

కూతురి దగ్గర పిన్నీసు తీసుకుని, బ్రేకు పిడి కింద చిన్న మీటలో ఇరుక్కున్న ఇసుక పలుకును మెల్లగా బయటికి తీశాడు. లైటు ఆరింది. స్కూటరును స్టాండు మీద పెట్టి పిడి తిప్పగానే చక్రం చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. అంబులెన్సు డ్రైవరు అనుకోకుండానే చేతులు జోడించాడు. ఇరవై ఏండ్లు లెక్కలు చెప్పిన సారు, ఆ ముడతల వేళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇసొంటి బండి నువ్వెన్నడన్న చూసినవా మామా?"

"లేదు. మోటరు ఏడున్నా మోటరే. అది చెప్పేది ఇనాలె."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నన్నెవరడిగిన్రు?"

ఆ సాయంత్రం సోమన్నను పరామర్శించడానికి మరో నలుగురు వచ్చారు. నలుగురూ స్కూటర్లు తోసుకుంటూనే వచ్చారు.