తోడల్లుడి కారుకు తలంటు

ఆ శనివారం పొద్దున శౌరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బట్టల కొట్టు తాళాలు గుమాస్తా చేతిలో పెట్టి, బందరు రోడ్డులో కార్లు అమ్మే కంపెనీకి వెళ్ళాలి. తోడల్లుడు అంతోనికి వచ్చిన కొత్త కారును అంతోని కంటే ముందు తాను చూడాలి. అందులో ఒక్కటంటే ఒక్క వంక పట్టుకోవాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటవరసకు అన్నట్టు ఆ వంక బయటపెట్టి, ఆ తరువాత హాయిగా ఓ కునుకు తీయాలి. ఇందులో ఎవరికీ హాని లేదు. కడుపుమంటకు కాస్త మజ్జిగ తాగడం లాంటిది, అంతే.

అంతోని చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. మైలవరంలో మామిడి తోటలున్న అంతోని వెన్నలాంటి మనిషి. కాయ కోతకొస్తే మొదటి బుట్ట విజయవాడలో శౌరయ్య ఇంటికే వచ్చేది. ఆ పళ్ళు తియ్యగా ఉండడం శౌరయ్యకు మరీ కష్టంగా ఉండేది. రేడియో ముందు అంతోని ఇంటికే వచ్చింది. ఫ్రిజ్ కూడా అంతే. చివరికి టెలిఫోను కూడా, మైలవరంలో మాట్లాడటానికి ఇంకెవరికీ ఫోను లేని రోజుల్లోనే, ముందు అక్కడికే పోయింది.

కారు దగ్గరైనా ముందుండాలనుకున్నాడు శౌరయ్య. ఏళ్ళ క్రితం ఇద్దరూ కలిసే బుక్ చెయ్యడానికి వెళ్ళారు. కంపెనీ గుమ్మంలో శౌరయ్య అలవాటు చొప్పున తలుపు తెరిచి పట్టుకుని, "మీరు ముందు నడవండి అన్నయ్యగారూ" అన్నాడు. అంతోని ముందు నడిచాడు. ముందు నడిచినవాడికి ముందు నంబరు పడింది. ఆ మర్యాదను శౌరయ్య అప్పటినుంచీ తిట్టుకుంటూనే ఉన్నాడు.

పోనీ, కారు ఒక్కటే అయితే ఎలాగో దిగమింగేవాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టి లేచిన అత్తగారు తెరేసమ్మ, అల్లుళ్ళిద్దరిలో ఎవరి కారు ముందు వస్తే ఆ కారులో ముందు సీట్లో కూర్చుని గుణదల మాత దగ్గరికి వస్తానని మొక్కుకుంది. ఫాదరుగారు కారు మీద మంత్రించిన నీళ్ళు చల్లుతారు, చుట్టాలంతా చూస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ చిన్నల్లుణ్ణి నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ముందు సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టే మొనగాడు తానే కావాలని శౌరయ్య ప్రాణం కొట్టుకుంది. ఇప్పుడు ఆ భాగ్యమూ అంతోనిదే.

కంపెనీ వెనక రేకుల షెడ్డులో కారుందని కాపలావాడు చేత్తో చూపించాడు. పనివాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. శౌరయ్య లోపలికి తొంగి చూసి అక్కడే ఆగిపోయాడు.

అదా కారు! ఒళ్ళంతా జిడ్డు. బెల్లప్పాకంలా ముదురు పూత, దానిమీద దారిపొడుగునా పట్టిన ఎర్రదుమ్ము. చక్రాలకు మూతలు లేవు. అద్దం తుడిచే వైపర్లు లేవు. పక్క అద్దం ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు. లోపల సీట్ల మీద చిరిగిన కాగితాలు. వేలితో రాస్తే నల్లటి బంక అంటుకుంది. శౌరయ్య ఆ వేలిని వాసన చూసుకుని, ఆనందంతో కళ్ళు మూసుకున్నాడు.

తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. రంగు చెడకుండా ఫ్యాక్టరీలోనే కారుకు మైనం పూస్తారు. అంత దూరం నుంచి డ్రైవర్లు దాన్ని నడుపుకుంటూ తెస్తారు గనుక, దారిలో ఎవరూ ఊడబీక్కుపోకుండా మూతలూ అద్దాలూ డిక్కీలో పెట్టి తాళం వేస్తారు. ఇక్కడికొచ్చాక కిరసనాయిలుతో మైనం వదలగొట్టి, తలంటి పోసి, పాలిష్ పెట్టి, ఆ సొమ్ములన్నీ తొడిగి, అప్పుడు పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు వాకిట్లోకి తెస్తారు. శౌరయ్య ఇంతవరకూ ముస్తాబైన కార్లనే చూశాడు. పైగా ఆ పూట ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు. ఒక వంక కోసం వెళ్ళినవాడికి ఒళ్ళంతా వంకలున్న కారు దొరికింది మరి.

ముఖాన విచారం పులుముకుని ఇంటికొచ్చాడు.

"అన్నయ్యగారికి అన్యాయం జరిగిపోయిందే," అన్నాడు భార్య ఎలిజబెత్‌తో.

"అయ్యో, ఏమైందండీ?"

"తుక్కు బండి అంటగట్టారు. నీళ్ళల్లో మునిగి లేచినట్టుంది."

"ఎక్కడ మునిగిందండీ?"

"నాకేం తెలుసు? ఏ కాలవలోనో!"

ఎలిజబెత్ ఈ కబురు గోడ మీంచి పక్కింటి ఛాయాదేవికి చెప్పింది. కాలవ పేరు లేకుండా కబురు చెప్పడం ఛాయాదేవికి నచ్చదు. "బందరు కాలవే అయ్యుంటుంది వదినా, ఇంకే కాలవలో పడతాయి కార్లు!" అని తీర్మానించింది. కూరల కోసం పటమట వెళ్ళినప్పుడు అక్కడే ఉంటున్న తెరేసమ్మకూ చెప్పింది. ఉత్త కారు కాలవలో పడిందంటే బాగుండదని, అందులో కొత్తగా పెళ్ళయిన జంటను కూడా కూర్చోబెట్టింది. తెరేసమ్మ జపమాల పట్టుకుని రిక్షాలో శౌరయ్య ఇంటికొచ్చేసరికి, ఆ జంట చనిపోయి వారం అయింది.

మైలవరం బస్సు దిగి అంతోని, ఆయన భార్య అమలమ్మ కూడా వచ్చారు. విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నారు. కోడికూర ఘుమఘుమలాడుతున్నా ఎవరికీ ముద్ద దిగడం లేదు.

"తమ్ముడూ, నీ కళ్ళతో చూశావా?" అన్నాడు అంతోని.

"పోయినవాళ్ళ సంగతి నాకు తెలీదన్నయ్యగారూ. బండిని చూస్తే మాత్రం..." అని శౌరయ్య ఆగి నిట్టూర్చాడు. ఆ ఆగడం చూసి అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతోని కళ్ళు చెమర్చాయి. "ఎండనపడి, కొట్టు వదులుకుని, నా కారు కోసం పోయి చూసొచ్చావా! తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు గదయ్యా!"

శౌరయ్య వినయంగా తల దించుకుని మళ్ళీ కూర వడ్డించుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా అంత ఆకలి వేయలేదు.

భోజనాలు కాగానే అందరూ రిక్షాలు కట్టించుకుని కంపెనీకి వెళ్ళారు. మేనేజరు పానకాలరావు కుర్చీలు వేయించి కాఫీలు తెప్పించాడు. మంగళగిరి మనిషి, నెమ్మదస్తుడు, కానీ కంపెనీని ఎవరైనా ఒక మాటంటే చెవులు ఎర్రబడతాయి.

"కారు ఇంకా తయారవలేదండీ. మావాళ్ళు ఇప్పుడే కడగటం మొదలెట్టారు. ఓ గంట కూర్చోండి," అన్నాడు.

"కడిగితే పోయే పాపమా నాయనా అది?" అంది తెరేసమ్మ.

"పాపమేంటమ్మా? మైనం!"

"చూశారా! నిండు ప్రాణాలు పోయాయంటే మైనమంటాడేంటి ఈయన!"

"కడిగితే గాడిద గుర్రమవుద్దా మేనేజరుగారూ?" అని శౌరయ్య ఓ చెయ్యి వేశాడు.

పానకాలరావు చెవులు ఎర్రబడ్డాయి. "చూడండీ, నా ఉద్యోగంలో ఇట్టాంటి మాట పడలేదు. మీకు కారు వద్దా? వద్దని సంతకం చెయ్యండి, మళ్ళీ వరసలో ఆఖరున నిలబడండి. తరవాతి నంబరు ఎవరిదో వాళ్ళకిస్తాం." కాగితం తిరగేసి, "అదీ మీవాడిదే, శౌరయ్యగారిది. ఏమండీ, మీరు తీసుకుంటారా?" అన్నాడు.

"నాకెందుకండీ ఆ తుక్కు!" అని శౌరయ్య అందరికీ వినబడేలా అన్నాడు.

"అయితే గుడివాడ డాక్టరుగారు కాచుకుని ఉన్నారు," అని పానకాలరావు కాగితాన్ని అంతోని ముందుకు తోశాడు. అంతోని కళ్ళజోడు కోసం జేబులు తడుముకోసాగాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కారు, చెయ్యి అంత తేలిగ్గా కదులుతుందా? ఈలోగా ఆ దరిద్రపు కారును తనివితీరా ఇంకొక్కసారి చూసి వద్దామని శౌరయ్య షెడ్డులోకి నడిచాడు.

చూశాడు.

సగం కారు ఇంకా బెల్లప్పాకంలోనే ఉంది. మిగతా సగం నెమలికంఠం రంగులో ధగధగలాడుతోంది. బట్టల వ్యాపారి గనుక శౌరయ్యకు రంగుల విలువ తెలుసు. అంత మంచి నెమలికంఠం ఆయన కొట్లో ఏ చీర మీదా లేదు. పనివాళ్ళు డిక్కీలోంచి చక్రాల మూతలు తీసి కాగితాలు విప్పుతున్నారు, ఒక్కొక్కటీ వెండి పళ్ళెంలా ఉంది. తలుపులో శౌరయ్యకు తన ముఖం స్పష్టంగా కనబడింది. నోరు తెరిచి ఉంది.

అయ్యయ్యో, ఆ మేనేజరు నిజమే చెప్పాడు! మరుక్షణం ఆయన ఒళ్ళు ఝల్లుమంది. అంతోని సంతకం పెడితే ఈ కారు ఎవరిది? తనది! ముందు సీట్లో అత్తగారు కూర్చునేది తన పక్కన! శౌరయ్య ఆఫీసులోకి పరుగెత్తాడు.

"అన్నయ్యగారూ, సంతకం పెట్టేశారా?"

"పెట్టబోతున్నా తమ్ముడూ."

"పెట్టండి, పెట్టండి. ఆ బండి నేను తీసుకుంటా!"

"ఇందాక తుక్కన్నావుగా?" అన్నాడు అంతోని.

నిజం చెబితే అంతోని కలం కింద పెట్టేస్తాడు. ఏదో ఒకటి అనాలి గనుక శౌరయ్య, "తుక్కేనండీ. కానీ మీరు మళ్ళీ ఆఖరున నిలబడటమేంటి? నేను చూస్తూ ఊరుకోవటమేంటి? ఇంట్లో ఎవరో ఒకరు మొయ్యాలి గదా ఈ శని! నేను మోస్తా," అన్నాడు. అని, తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎంతో సేపు నిలవలేదు.

"వద్దండీ!" అని ఎలిజబెత్ ఘొల్లుమంది. "పిల్లలుగలవాళ్ళం. మనుషులు పోయిన కారు మనకెందుకండీ?"

తెరేసమ్మ లేచొచ్చి చిన్నల్లుడి రెండు చేతులూ పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నిన్ను అసూయపరుడివనుకున్నాను బాబూ. మరియమ్మ తల్లి నా కళ్ళు తెరిపించింది. నీదెంత గొప్ప మనసయ్యా!"

పెళ్ళయినప్పటినుంచీ శౌరయ్య ఏ మాట కోసం చెవులు కోసుకున్నాడో ఆ మాట వినబడింది. వినే తీరిక లేదు. ఆయన కళ్ళన్నీ అంతోని కలం మీదే ఉన్నాయి. ఆ కలం వద్దన్న కాగితాన్ని వదిలి, పక్కనున్న కారు ముట్టిందన్న కాగితం మీదికి మళ్ళుతోంది.

"అన్నయ్యగారూ, ఏంటది?"

"పెద్దవాణ్ణి నేనుండగా నిన్ను కాలవలోకి తోస్తానా తమ్ముడూ? నా పేరున వచ్చింది మంచైనా చెడైనా నేనే పడతా. రాబోయే మంచి కారు నువ్వు తీసుకో."

"వద్దు, వద్దు! కారు మంచిదేనండీ!" అని శౌరయ్య గావుకేక పెట్టాడు. "మేనేజరుగారు చెప్పింది నిజం! మైనమే! ఇప్పుడే చూసొచ్చా, మెరిసిపోతోంది!"

"విన్నావా అక్కా," అని ఎలిజబెత్ అమలమ్మ భుజం మీద వాలిపోయింది. "మనల్ని ఒప్పించటానికి ఎన్ని అబద్ధాలాడుతున్నారో!"

"జీవితంలో అబద్ధమాడని మనిషి!" అని అమలమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. మనుషులకు జాలి కలిగినప్పుడు ఇలాంటి మాటలు వాటంతటవే వస్తాయి.

"నిజం చెబుతున్నానర్రా! షెడ్డులోకొచ్చి చూడండి! ప్రమాణం చేస్తా!"

"ప్రమాణం చెయ్యకు బాబూ, పాపం వస్తుంది," అని తెరేసమ్మ ఆయన చేతులు మరింత గట్టిగా పట్టుకుంది. ఆవిడకు నొప్పులు మోకాళ్ళకే గాని చేతులకు లేవు. శౌరయ్య గింజుకుంటుండగానే అంతోని ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ కుడి చేత్తో సంతకం చేసేశాడు.

కాసేపటికి కారు వాకిట్లోకి వచ్చింది. సాయంత్రపు ఎండలో నెమలికంఠం రంగు కళ్ళు జిగేల్మనిపించింది. మూతలు, అద్దాలు, వైపర్లు, ఎక్కడి సొమ్ము అక్కడ ఉంది. అంతోని దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. అమలమ్మ చెయ్యి చాచి తలుపు మీద పెట్టి, గభాల్న వెనక్కి తీసుకుంది.

"మాత మహిమ!" అని తెరేసమ్మ చేతులు జోడించింది. "తమ్ముడి కోసం శనిని నెత్తినేసుకున్నాడు, అమ్మ దాన్ని బంగారం చేసిచ్చింది!"

"మహిమ కాదమ్మా, కిరసనాయిలు," అన్నాడు పానకాలరావు. ఆయన మాట ఎవరూ వినలేదు.

తెరేసమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టారు. అమలమ్మ, ఎలిజబెత్ వెనక ఎక్కారు. మాతకు పట్టుకెళ్ళే కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, పూలదండల బుట్ట మిగతా సీటంతా పట్టింది. శౌరయ్య నిలబడే ఉన్నాడు. ఆయన చేతిలో అంతోని ఇందాక మరిచిపోయిన కళ్ళజోడు ఉంది. స్టీరింగు ముందు కూర్చున్న అంతోనికి అది అందించాక చేతులు కూడా ఖాళీ అయ్యాయి.

తెరేసమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ఆప్యాయంగా అంది. "చిన్నల్లుడా, నువ్వు రిక్షాలో వచ్చెయ్యి బాబూ. నీలాంటివాడికి కారెందుకు, మనసే పెద్ద రథం!"

కారు చప్పుడు లేకుండా గుణదల వైపు సాగిపోయింది. శౌరయ్య ఎక్కిన రిక్షా మాత్రం సందుమలుపు తిరిగేలోపే గొలుసు ఊడి ఆగింది.

ఆ తరువాత ఆ చుట్టాల్లో ఎవరు కారు కొన్నా ముందుగా శౌరయ్యను పంపి చూపించుకోవడం ఆనవాయితీ అయింది. ఆయన తుక్కు అన్న బండిని మారు మాట్లాడకుండా ఇంటికి తెచ్చుకుంటున్నారు.