పాషా కుర్చీ, పెన్కా తల

సోఫియా నగరంలో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా ఊపుతారు. తాతల నాటి నుంచీ ఇంతే, ఎవరికీ నష్టం రాలేదు. వియన్నాలో మూడేళ్లు చదివొచ్చిన మ్యూజియం డైరెక్టరు కాలిన్‌కే అది నామోషీగా తోచింది.

మంగళవారం పొద్దున్నే గోడకు సర్క్యులర్ అంటించాడు. నేటి నుంచి సిబ్బంది యూరప్ పద్ధతిలో తల ఊపాలి. నిలువు అవును, అడ్డం కాదు. యూరప్‌లోనే ఉన్న ఊరికి యూరప్ పద్ధతి. పెద్ద చదువులవాళ్లకు పని లేకపోతే జనం మెడల మీద పడతారు.

మూడో అంతస్తు కాపలాదారు పెన్కాకు పింఛను రావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. హాల్లోని పాతకాలపు కుర్చీ దుమ్ము దులిపి, బనిత్సా రొట్టె తిని, మూలన స్టూలు మీద కూర్చోవడమే ఆ పూటకు ఆమె వేసుకున్న పథకం.

"మధ్యాహ్నం మంత్రిత్వ శాఖ నుంచి స్తోయెవా మేడం వస్తోంది" అన్నాడు కాలిన్. "నీ హాలుకు ఈగలు తప్ప ఎవరూ రారు. ఇవాళ తప్పు జరిగిందా, హాలు మూసేస్తా, నువ్వు ఇంటికే. అర్థమైందా?"

పెన్కా అలవాటుగా అడ్డంగా ఊపింది.

"కాలేదా?"

నిలువుగా ఊపింది. మెడ కలుక్కుమంది.

ఆ హాల్లో ఘనమైనది ఒక్కటే, పూర్వం సుల్తాను తరఫున ఊరినేలి, జనాన్ని పన్నులతో పిండిన పాషా గారి కుర్చీ. చుట్టూ తాడు. నూటయాభై ఏళ్లుగా మామూలు మనిషి పిర్ర దానికి తగల్లేదు.

పది గంటలకు డెన్మార్క్ దంపతులొచ్చారు. కూర్చోవచ్చా అని ఆయన సైగ చేశాడు. పెన్కా నోటినిండా బనిత్సా. సర్క్యులర్ మరిచి, కాదని నిలువుగా ఊపింది. ఆయన దణ్ణం పెట్టినంత పనిచేసి, తాడు దాటి కూర్చున్నాడు.

వానకు తలదాచుకోవడానికొచ్చిన కూరగాయల గీనా ఇది చూసింది. "ఏమే పెన్కా, పరాయివాళ్లకేనా, నేనూ కూర్చోనా?"

పెన్కాకు ఇప్పుడు సర్క్యులర్ గుర్తొచ్చింది. కాదని గట్టిగా అడ్డంగా ఊపింది. ఆయన లేవగానే గీనా కుర్చీలో కూలబడింది.

"దిగవే, ఇప్పుడు అడ్డంగా ఊపితే కాదని అర్థం."

"అవునని ఊపి కాదంటావేంటే, నాతో సరసమా?" అంటూ గీనా బజారుకు ఫోను చేసింది. "పాషా కుర్చీలో కూర్చోనిస్తున్నారు, రండి. నా నడుం నొప్పి ఎగిరిపోయింది."

పన్నెండుకల్లా వరస వీధిలోకి పాకింది. విదేశీయులు అడిగితే పాత అలవాటు ఊగింది, ఊరివాళ్లు అడిగితే కొత్త సర్క్యులర్ ఊగింది. ఎటు ఊగినా కుర్చీ నిండింది.

కాలిన్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "పెన్కా, నీ పని సరి."

అతని వెనకే స్తోయెవా. వరసను పైనుంచి కిందికి చూసింది. "ఖాళీ హాలన్నావు కదయ్యా? పాషా కుర్చీలో కూరగాయలమ్మే మనిషి. మ్యూజియం అంటే ఇదీ. ఈ ఆలోచన నీదేనా?"

కాలిన్ ముఖం వెలిగింది. వియన్నా మర్యాదతో, నిండుగా, రెండుసార్లు నిలువుగా ఊపాడు.

"కాదని ఒప్పుకున్నావు, బాగుంది. మరెవరిది?"

"అవునన్నాను మేడం, అది యూరప్..."

"నీ తల మేమంతా చూశాం లేవయ్యా" అంది గీనా. "ఆలోచన పెన్కాది."

వరస మొత్తం అడ్డంగా ఊగింది.

హాలు మూయొద్దనీ, పింఛను వచ్చేదాకా పెన్కాను కదపొద్దనీ స్తోయెవా అక్కడే రాసిచ్చింది. సాయంత్రం కాలిన్ తన సర్క్యులర్ తనే చింపి, స్టూలు దగ్గరికి వచ్చాడు.

"నా మీద కోపంగా ఉందా, పెన్కా గారూ?"

పెన్కా తల ఊపింది. ఏ పద్ధతిలో ఊపిందో కాలిన్‌కు ఇప్పటికీ తెలియలేదు.