వార్తలాయన ఆఖరి వాక్యం

ఆ రోజు వార్తలాయన ఇంట్లో పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే కూతురి కారెక్కడం, ఆసుపత్రిలో ఎడమ కంటి పొర తీయించుకోవడం, భోజనాల వేళకు ఇంటికి వచ్చేయడం. పన్ను పీకించుకోవడం ఇంతకంటే కష్టమని కంటి డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఆయన భార్యకు రాత్రి కంటిమీద కునుకు లేదు. ఎవరు గడప దాటుతున్నా ఆవిడకు గుండెలో దడే. పాలు పోసి వెళ్ళే మనిషి చేత కూడా "వెళ్ళొస్తానమ్మా" అనిపించుకున్నాకే తలుపు వేసేది.

ఆయనకు ఆ పేరు రేడియోలో ముప్పై ఏళ్ళు వార్తలు చదవడం వల్ల వచ్చింది. ఆయన గొంతు ఎరగని ఇల్లు ఊళ్ళో లేదు. ముఖం ఎరిగినవాళ్ళు మాత్రం వీధి మలుపు దాటితే లేరు. ఆ వెలితి ఆయన్ను చాలాకాలంగా తొలిచేస్తోంది. అలాంటి మనిషి చేతికి, ప్రసిద్ధులు పోతూ పోతూ అన్న చివరి మాటల పుస్తకం ఒకటి దొరికింది. కన్ను మసకబారింది కాబట్టి రోజూ భార్యే చదివి వినిపించేది. ఒక సేనాధిపతి తన గుర్రానికి నీళ్ళు పెట్టారా అని అడిగి కన్ను మూశాడట. ఆ ఒక్క మాటకు జనం ఆయనకు విగ్రహం నిలబెట్టారు. ఒక గణిత పండితుడు "ఇది కుదరలేదు" అని పోయాడట. అది లెక్క సంగతో తలగడ సంగతో తేలక మిగతా పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

"చూశావా, ముందుగా సిద్ధం చేసుకోకపోతే ఇదే గతి. పండితుడు పోయి తలగడ మిగిలింది" అన్నాడు వార్తలాయన.

ఆపరేషను రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. ఎదురుగా మైకు ఉన్నట్టే గొంతు సవరించుకున్నాడు. "ఇంతటితో నా వార్తలు సమాప్తం. వినే చెవి ఉన్నంతవరకు ఈ గొంతుకు మరణం లేదు" అన్నాడు.

"పన్ను పీకినంత పనికి ఇదంతా ఎందుకండీ?" అంది భార్య.

"ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? జరగరానిది జరిగితే ఇవే నా చివరి మాటలు. కన్ను బాగై బయటికొచ్చేదాకా ఇంక నోరు విప్పను. రాసి చూపించను కూడా, రాతలు కూడా లెక్కలోకొస్తాయి. ఎవరైనా అడిగితే ఇవి చెప్పు. అడక్కపోతే అడిగేలా చెయ్యి. ముందే తయారు చేసుకున్నామని మాత్రం పొక్కనివ్వకు."

"అలాగే. కానీ ఆ వాక్యం తర్వాత మీరు ఇంత ఉపన్యాసం ఇచ్చారుగా? ఇప్పుడు ఇదే చివరిదవుతుంది."

ఆయన గతుక్కుమన్నాడు. మళ్ళీ గొంతు సవరించుకుని వాక్యం మొదటి నుంచి చదివి, పెదవులు బిగించేశాడు.

భార్యకు ఆ వాక్యంలో గొంతు కనిపించింది, చెవి కనిపించింది, తను మాత్రం ఎక్కడా కనిపించలేదు. పోనీలే అనుకుంది. అంతకంటే పెద్ద భయం ఒకటి పట్టుకుంది. "ఏమండీ, థియేటరు లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం నాతో వెళ్ళొస్తానని అంటారుగా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మాట అనకుండా ఆయన ఏ గుమ్మమూ దాటలేదు.

కారులో కూతురు రెండు వీధులు దాటకముందే ఏదో తేడా ఉందని పసిగట్టింది. "నాన్నా, చలిగా ఉందా? ఏసీ తగ్గించనా? నాన్నా, నిన్నే." ఆయన కిటికీ వైపు తిరిగాడు. అద్దంలోంచి తల్లి వైపు చూసింది. "ఏమన్నావమ్మా ఆయన్ని? ఆపరేషన్ పూటైనా ఊరుకోలేవా?"

"నేనేమన్నానే? వెళ్ళొస్తానని అనమన్నాను, అంతే."

"అంతే అయితే ఇంత అలకేంటి?"

ఆసుపత్రిలో నర్సు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి పేరు అడిగింది. ఆయన నర్సు వైపు దయగా చూశాడు. ఏ కన్ను అని అడిగింది. మళ్ళీ దయగా చూశాడు. "పెద్దాయనా, వినబడుతోందా?" అని చెవి దగ్గర అరిచింది. వినబడుతోందని తల ఊపాడు. వినబడుతూ మాట రాకపోవడమంటే ఏమిటో నర్సుకు తెలుసు. పరిగెత్తికెళ్ళి డ్యూటీ డాక్టరును తీసుకొచ్చింది.

"తాతగారూ, ఒకసారి నవ్వండి" అన్నాడు డ్యూటీ డాక్టరు.

విగ్రహానికి ఎలాంటి నవ్వు బాగుంటుందో వార్తలాయన ఎప్పుడో తేల్చుకున్నాడు. పెదవి ఒక మూల మాత్రం కొంచెం కదిలించాడు.

"మూతి ఒకవైపే లాగుతోంది. చేతులెత్తండి."

రెండు చేతులూ ఎత్తితే దొంగలా ఉంటుందనిపించింది. కుడి చెయ్యి ఒకటే ఎత్తి, ఆశీర్వదిస్తున్నట్టు పెట్టాడు.

"రెండో చెయ్యి లేవట్లేదు. పక్షవాతం లక్షణాలే. స్ట్రెచరు తెండి" అన్నాడు డాక్టరు. మరుక్షణం వార్తలాయన పడుకుని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది.

భార్య ఇక ఆగలేకపోయింది. పొక్కనివ్వనని ఒప్పుకున్న మాట పక్కనపెట్టి డాక్టరు చెయ్యి పట్టుకుంది. "బాబూ, ఆయనకేం లేదు. పొద్దున్నే ఇంట్లో చివరి మాటలు చెప్పేసి వచ్చారు. అందుకే మాట్లాడటం లేదు."

డాక్టరు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "అలా అనుకోకూడదమ్మా. మనం చెయ్యాల్సింది చేద్దాం. మీరు ధైర్యంగా ఉండాలి."

కూతురు అప్పటికే ఏడుస్తోంది. "ఏసీ తగ్గించనా అని అడిగినప్పుడే నాకు తట్టాల్సింది. నేను అలకనుకున్నాను."

కంటి ఆపరేషను వాయిదా పడింది. తలకు స్కాను తీయాలన్నారు, ఇక్కడ లేదు కాబట్టి పెద్దాసుపత్రికి పంపాలన్నారు, అవసరమైతే తలకే ఆపరేషను చేస్తారన్నారు. అంబులెన్సుకు ఫోను వెళ్ళింది. భార్య స్ట్రెచరు మీదికి వంగి గుసగుసగా బతిమాలింది. "తల కోస్తారటండీ. ఇప్పుడైనా నోరు విప్పండి. ఆ వాక్యం ఎక్కడికీ పోదు, నేను దాచిపెడతాను."

ఆయన కళ్ళలో భయం మెదిలిన మాట నిజమే. కానీ ఆ వెంటనే ఒక తృప్తి కూడా మెదిలింది. కంటి పొరకంటే తల ఆపరేషనుకు ఆ వాక్యం ఇంకా బాగా అతుకుతుంది. పెదవులు మరింత బిగించాడు.

సరిగ్గా అదే సమయానికి వార్డు బయటి వరండాలో ఒక పత్రికా విలేఖరి కళ్ళలో చుక్కలు వేయించుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎదుటి మనిషి మసకగా తప్ప ఆయనకు ఆనడం లేదు. రేడియోలో వార్తలు చదివిన గొంతు మూగబోయిందని నర్సులు చెప్పుకోవడం మాత్రం స్పష్టంగా వినబడింది. గోడ తడుముకుంటూ వార్డులోకి వచ్చి, జేబులోంచి ఫోను తీసి, ఒక సెలైన్ స్టాండుకు నమస్కారం పెట్టాడు.

"నేను ఇటున్నాను బాబూ" అంది వార్తలాయన భార్య.

"క్షమించండమ్మా. ఆయన గొంతు వింటూ పెరిగినవాణ్ణి. మాట పడిపోయే ముందు ఆయన ఆఖరుగా ఏమన్నారమ్మా? రేపు మొదటి పేజీలో వేయిస్తాను."

స్ట్రెచరు మీద వార్తలాయన కళ్ళు మెరిశాయి. ముఖం తెలియనివాళ్ళందరికీ తెలిసిపోయే ఘడియ వచ్చింది. చెప్పు, చెప్పు అన్నట్టు భార్య వైపు గడ్డం ఎగరేశాడు. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసింది. వాక్యం ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బయట అంబులెన్సు వచ్చి ఆగిన చప్పుడైంది.

"'భయపడకు, వెళ్ళొస్తాను' అన్నారు బాబూ. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నారు" అంది.

విలేఖరి ఫోను ఇంకొంచెం ముందుకు చాపాడు. "అంతేనా అమ్మా?"

"ఇంకేం కావాలి బాబూ?"

"అబద్ధం" అన్నాడు వార్తలాయన.

వార్డు మొత్తానికి వినబడింది. నర్సు చేతిలో ట్రే కింద పడింది. ఆయన స్ట్రెచరు మీద లేచి కూర్చుని, లేవని చెయ్యితో సహా రెండు చేతులూ ఊపాడు. "నేనెప్పుడన్నాను? కూరగాయల సంచీ పట్టుకుని వెళ్ళే ప్రతివాడూ ఆ మాట అంటాడు. ముప్పై ఏళ్ళు వార్తలు చదివినవాడు పోతూ పోతూ అనే మాటేనా అది? నేను అస్సలు అన్లేదు."

"అన్లేదనే కదా పొద్దుట్నుంచీ నా ఏడుపు" అంది భార్య.

కూతురు ఏడుపు ఆపి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి నవ్వమన్నాడు, ఆయన కోపంగా రెండు వైపులా నవ్వాడు. అసలు సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. వార్డులో పడకల మీద ఉన్నవాళ్ళు, ఒంటికన్ను కట్టు ఉన్నవాళ్ళతో సహా, పడి పడి నవ్వారు. అంబులెన్సు ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

వార్తలాయన విలేఖరి చొక్కా పట్టుకుని వదల్లేదు. "అసలు వాక్యం చెప్తాను, రాసుకో. ఇంతటితో నా వార్తలు సమాప్తం..."

"క్షమించండి సార్" అని విలేఖరి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "బతికున్నవాళ్ళ చివరి మాటలు మా పత్రిక వెయ్యదు."

మధ్యాహ్నానికి కంటి డాక్టరమ్మ కబురు పంపింది. ఎలాగూ వచ్చారు కాబట్టి పొర తీసేద్దామంది. థియేటరు తలుపు దగ్గర చక్రాల కుర్చీ ఆగింది. ఆయన భార్య వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు. కుర్చీ పక్కన నిలబడి, ఆయన నలిగిన చొక్కా భుజం దగ్గర సరిచేస్తోంది. సరిచేసిన చోటే మళ్ళీ మళ్ళీ సరిచేయడం ఆయన మసక కంటికి కూడా కనబడింది.

"ఇదిగో" అన్నాడు మెల్లగా. వార్తలు చదివే గొంతు కాదది. "భయపడకు. వెళ్ళొస్తాను."

"అలాగే, రండి" అంది ఆవిడ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇంక మాట్లాడకండి. ఇది బాగుంది."

"ఇది కాదే చివరిది" అని ఆయన వెనక్కి తిరిగేలోగా నర్సు కుర్చీ లోపలికి తోసేసింది. ఆయన ఆ పూట మిగిలిపోయిన మాటలన్నీ అక్కడే మొదలుపెట్టాడు.

ఆ ఆపరేషనుకు డాక్టరమ్మ ఆయన కంట్లో మత్తు చుక్కలు, తన చెవుల్లో దూది వాడిందని నర్సు తర్వాత చెప్పింది.