సగం మాత్ర రోగి

మందుల ధర తగ్గించడం మానవమాత్రుల వల్ల కాదని తేలిపోయాక, మందులు వాడేవాళ్ళను తగ్గించే మహత్కార్యాన్ని ఔషధ పొదుపు కార్యాలయం భుజానికెత్తుకుంది. (ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని కార్యాలయమే ప్రకటించింది.)

ఈ సంగతి తెలియని దర్జీ ఒకాయన ఆర్నెల్లుగా సొంతంగా పొదుపు చేస్తున్నాడు. ఆయన భార్యకి రక్తపోటు. డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. అంత కొనే తాహతు లేక, దర్జీ మాత్రని కత్తెరతో రెండు చేసి రోజుకి సగం ఇస్తున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతిసారీ కుట్టుకని కాస్త వదిలి కత్తిరించేవాడు. దాంతో ఇవాళ్టి ముక్క పెద్దది, రేపటిది చిన్నది.

"ఇది మరీ బిగుతుగా ఉందండీ," అనేది ఆవిడ చిన్న ముక్కని చూసి.

చిన్న ముక్క రోజున ఆవిడ గోడ పట్టుకుని నడిచేది. మొన్న గోడ అందలేదు. కిందపడ్డ మనిషిని చూసి దర్జీకి పైప్రాణాలు పైనే పోయాయి. రాయితీ కార్డుంటే నిండు మాత్ర కొనొచ్చని ఎవరో చెబితే, ఆవిణ్ణి వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాడు.

సగం మాత్రల విభాగాధికారి (నిండు మాత్రల విభాగం నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు) దరఖాస్తు తిరగేశాడు.

"రెండో సగం ఎవరు వేసుకుంటున్నారు?"

"ఈవిడే సార్, మర్నాడు."

"అయితే మర్నాటి రోగి సంతకం కూడా కావాలి."

మర్నాడు మళ్ళీ వెళ్ళారు. అది చిన్న ముక్క రోజు. చెయ్యి వణికి సంతకం కలవలేదు. ఇద్దరు రోగులూ ఒకే మనిషని ధ్రువపత్రం తెమ్మన్నారు. (అందుకు ఇద్దరూ హాజరు కావాలి.) దానికో వారం పట్టింది.

అన్నీ చూసి అధికారి తేల్చాడు. "ఆర్నెల్లు సగంతో బతికారంటే మీకు సగమే చాలని రుజువైనట్టు. డాక్టరుగారిదే దుబారా."

"బతకడం కాదు సార్, ఎలాగో నెట్టుకొస్తోంది," అన్నాడు దర్జీ. "మొన్న పడిపోయింది కూడా. మీరే దారి చూపించాలి."

అధికారి స్వతహాగా మంచివాడు. మనసు కరిగి, రాయితీ మంజూరని ముద్ర గుద్దాడు.

బయట భార్యని బెంచీ మీద కూర్చోబెట్టి, కార్డు వెనకున్న చిన్న అక్షరాలను దర్జీ చదివి వినిపించాడు. ఈ రాయితీ రోగి వేసుకోని సగానికి మాత్రమే వర్తిస్తుంది. వేసుకున్నట్టు తేలితే కార్డు రద్దు.