పగిలే సరుకు, జాగ్రత్త

మనుషులు సుఖంగా బతకాలంటే ముందు రోడ్డు మీద మనుషులు లేకుండా చెయ్యాలని రహదారి సామరస్య శాఖ కనిపెట్టింది. మర్నాడే డ్రైవర్లు లేని బళ్లు వీధిలోకి దిగాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, జానెడు ఎడంతో, పొద్దస్తమానం పూసలదండలా సాగేవి. (మనుషులతో మాట్లాడే పని వాటికి పెట్టలేదు.)

బొంతలు కుట్టే పిన్నికి ఎదురిల్లు సొంత అక్కదే. మధ్య దూరం పన్నెండు అంగలు. అక్కకు మూడు రోజులుగా జ్వరం. పిన్ని చేతిలో వేడి జావగిన్నె. బళ్ల మధ్య సందు లేదు.

ఫోనులో 'దాటు కోరిక' నొక్కింది. ఉద్యోగమా, చదువా, సరుకు రవాణానా అని ఫోను అడిగింది. అక్క అనే గడి లేదు. ఉద్యోగం అని నొక్కితే ఓ బండి వచ్చి, ఆమెను పదకొండు కిలోమీటర్లు తిప్పి, ఎక్కిన గడప దగ్గరే భద్రంగా దించింది. (ఎదుటి వైపు ఆగడానికి దానికి అనుమతి లేదు.) జావ చల్లారిపోయింది.

"ఏమే, నేను పోయాక వస్తావా?" కిటికీలోంచి అక్క కేకేసింది.

"అరవకే, మళ్లీ కాస్తున్నా!"

పక్క కొట్లో సైకిళ్లు బాగుచేసే అతను తల పైకెత్తాడు. "పిన్నిగారూ, అవి మనిషికి ఆగవు. పార్సిలుకైతే టక్కున ఆగుతాయి. నిన్న నా గాలిపంపు కోసం వీధంతా ఆగింది."

"నేనేమన్నా పంపునా నాయనా?"

"బరువెంతుంటారు?"

ఫారం నింపారు. వస్తువు: పిన్ని, ఒకటి. యాభై రెండు కిలోలు. కొత్తదా, వాడినదా? వాడినది. పగిలేదా? ఆమె కాసేపు ఆలోచించి, అవునంది.

పార్సిలు చీటీ నుదుటికి అతికించుకుని, పొగలు కక్కే గిన్నెతో రోడ్డు మీద అడుగు పెట్టగానే నాలుగు వీధుల బళ్లూ కొత్తల్లుళ్లలా వినయంగా నిలబడిపోయాయి.

'సరుకు మంచి స్థితిలో అందిందా?' అని అక్క ఫోను అడిగింది.

"అందింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు," అంటూ అక్క 'అవును' నొక్కింది. "ఉప్పేశావా?"

"సరుకును ప్రశ్నలు అడక్కూడదు. తాగు."

వారం తిరిగేసరికి వీధంతా సరుకైపోయింది. బడి పంతులు పుస్తకాల కట్టగా, తోడికోడళ్లు 'విడదీయరాని జత'గా దాటారు. ఒకావిడ అల్లుణ్ణి 'వాపసు' గడిలో వేసి పంపింది.

ఏడాది చివర శాఖ చూసుకుంటే ఆ వీధిలో రోడ్డు దాటిన మనిషి ఒక్కడూ లేడు, ఫిర్యాదు ఒక్కటీ లేదు. సుఖంగా బతికే వీధిగా మొదటి బహుమతి దానికే ఇచ్చారు.

అందుకోవడానికి పిన్ని నుదుటి చీటీతోనే వెళ్లింది. బహుమతి మనుషులకేనని గుమ్మంలోనే ఆపి, చీటీ మార్చి, వాపసు పంపారు.