సన్యాసిరావు టీవీకి కొత్త పండగ

శుక్రవారం సంతనాడు పొద్దున్నే సన్యాసిరావు కొట్టు ముందు బల్ల వేసి, దాని మీద రంగుల టీవీ పెట్టాడు. అరకులో అదే మొదటిది. కిరండూల్ ప్యాసింజర్ రైల్లో టైడా సొరంగాలన్నీ దాటేదాకా దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. తెచ్చి నెలయినా కొనే నాథుడు లేడు. ఈ సంతలో కూడా అమ్ముడుపోకపోతే కొట్టు మూసేసి కొత్తవలసలో తన రైసుమిల్లుకు వచ్చేయమని మామగారి హుకుం. సన్యాసిరావుకు ఆ మిల్లు తవుడన్నా, మామగారన్నా ఒకేలా తుమ్ములొస్తాయి.

సంతకొచ్చిన జనం మూగారు. స్విచ్చి వేయబోతుంటే గూడెం పెద్ద సోంబరు చెయ్యి పట్టుకున్నాడు.

"కొత్త సెయ్యకుండా ఎలా సూత్తాం బావూ? సామలైనా, మామిడికాయైనా అమ్మోరికి పెట్టందే మేం నోట ఎట్టం. ఇదీ కొత్తదే గదా."

బేరం చెడుతుందని సన్యాసిరావు తలూపాడు. కొత్త పండగంటే కోడి కావాలి. కోడంటే అన్నం వండాలి. అన్నమంటే గూడెమంతా దిగింది, వెనకే డప్పులు. కొట్లో బియ్యం బస్తా చూస్తుండగా కరిగిపోయింది.

"టీవీ అమ్ముతన్నారా, దానికి పెళ్లి సేత్తన్నారా?" అంది భార్య నీలవేణి, అప్పటికే గరిటె పట్టుకుని.

పూజయ్యాక స్విచ్చి వేసి, యాంటెనా తిప్పడానికి సన్యాసిరావు పెంకుల మీదికెక్కాడు.

"వచ్చిందా?"

"వత్తన్నాయి బావూ."

ఇంకాస్త తిప్పాడు. "ఇప్పుడో?"

"జోరుగా వత్తన్నాయి. ఆపకు."

ఆ సంబరంలో గట్టిగా తిప్పేసరికి యాంటెనా ఊడి చేతికొచ్చింది. కింద డప్పులు మోగాయి, గూడెం ఆడామగా చేతులు కలిపి థింసా ఆట మొదలెట్టారు. దాన్ని పట్టుకునే దిగొచ్చి చూస్తే తెరనిండా తెల్లటి చుక్కలు తప్ప ఏమీ లేదు.

"సామలు," అన్నాడు సోంబరు, కళ్ళు తుడుచుకుంటూ. "సేటలోంచి రాలినట్టు రాల్తన్నాయి. అమ్మోరు మెచ్చింది."

"అది బొమ్మ కాదు సోంబరూ, సిగ్నలు అందక..."

"బొమ్మెవులికి కావాలి?"

గూడెమంతా ఉమ్మడిగా కాఫీ గింజలమ్మిన డబ్బులు పోగేసి, యాంటెనాతో సహా కావిడి కట్టుకుపోయారు. అక్కడి కాఫీ గోదాముకు కరెంటుంది. టీవీ అమ్ముడుపోయిందని మామగారికి ఆ సాయంత్రమే కబురెళ్ళింది. సన్యాసిరావు ఆనందం పట్టలేక థింసాలో రెండు అడుగులు తప్పుగా వేశాడు కూడా.

ఆ ఏడు సామలు నిజంగానే విరగపండాయి. దాంతో పక్క గూడెమూ ఒక టీవీ కొంది. మరుసటేడు దాని పక్కది.

కొన్నేళ్ళకు కొండ మీద టీవీ రిలే కేంద్రం వచ్చింది. ఆ మర్నాడే సోంబరు పరుగున వచ్చాడు.

"బేగి రా బావూ, పాడైపోనాది. సామలు ఆగిపోనాయి. ఎవులో కోటేసుకున్నాయన అడ్డంగా కూకుని లెగడం నేదు."

సన్యాసిరావు గూడేనికి వెళ్ళి, యాంటెనా పీకేసి, బాగుచేసి వచ్చాడు.