చదివి పెట్టే లాప్‌టాప్

శనివారం ఉదయం శాంతకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రోతరాపూర్‌లో బస్సెక్కాలి, పోర్ట్ బ్లెయిర్ బజారులో దిగాలి, కూతురు చంద్రికకి లాప్‌టాప్ కొనాలి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి చారు కాచుకోవాలి. ఈ దీవుల్లో పెద్ద పథకాలు ఓడలకీ వానలకీ బలైపోతాయని ఆమెకు తెలుసు. చిన్నవి మనుషులకి బలైపోతాయన్న సంగతి మాత్రం ఆ రోజు గుర్తు లేదు.

చంద్రిక ఏడో తరగతి. నోటితో చెప్పమంటే తెలుగులోనూ హిందీలోనూ పక్కింటివాళ్ళ బెంగాలీలోనూ గంటసేపు కథ చెబుతుంది. కాగితం చూపిస్తే మాత్రం అక్షరాలు దాని కళ్ళముందు ఒకచోట నిలబడవు. డాక్టరు డిస్లెక్సియా అన్నాడు. బుర్రకి లోటేమీ లేదు, విని నేర్చుకోనివ్వండి అన్నాడు. ఆ పేరు తెలిసేలోపల లోకం ఆ పిల్లకి బద్ధకం, మొద్దు, పొగరు అని మూడు పేర్లు పెట్టేసింది. పెట్టినవాళ్ళలో పాఠాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు, పెళ్ళిళ్ళకి పిలిచినవాళ్ళూ ఉన్నారు. ఒక్కరు కూడా వెనక్కి తీసుకోలేదు. అది తలుచుకున్నప్పుడల్లా శాంతకుమారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నెలల తరబడి పోట్లాడితే హెడ్మాస్టరు ఒక మెట్టు దిగాడు. పరీక్షలో ప్రశ్నల్ని లాప్‌టాప్ చదివి వినిపించవచ్చు, చంద్రిక నోటితో జవాబు చెబితే అదే రాసి పెట్టవచ్చు. కానీ దాన్ని వాళ్ళే తెచ్చుకోవాలి, సోమవారం పరీక్షకి తేవాలి. తేకపోతే అందరిలా చేత్తో రాయాలి. తప్పితే మళ్ళీ ఏడో తరగతి బెంచీయే గతి. మొగుడు సాంబశివరావు ఉద్యోగం దీవులకి అటు చివర డిగ్లీపూర్‌లో కాబట్టి ఈ పని ఆమె ఒక్కతే చక్కబెట్టాలి.

బస్సులో పక్క సీటు సింహాచలమ్మది. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలిగిన మనిషి.

"తల్లీకూతుళ్ళు ఎక్కడికెల్తన్నారు?" అంది.

శాంతకుమారి "ఊరికే" అనేలోపల చంద్రిక, "చదివి పెట్టే లాప్‌టాప్ కొనడానికి మామ్మా" అంది.

"చదివి పెట్టడమేటి? నీకు చదూకోడానికి కళ్ళు లేవేటి?"

"కళ్ళు బాగానే ఉన్నాయత్తా" అంది శాంతకుమారి. "డిస్లెక్సియా అంటారు. అక్షరాలు పట్టుబడవు, అంతే."

"ఓలమ్మ, అదేటి, అంటుకుంటాదా?" అని సింహాచలమ్మ కాస్త జరిగి కూర్చుంది. తర్వాత జాలి పడి మళ్ళీ దగ్గరికి జరిగింది. "మన పరంధామయ్యకి చెప్తానుండు. పాపం, పిల్లకి చూపు లేకపోతే రేపు ఎలాగ?"

"చూపు లేదని ఎవరన్నారత్తా?"

సింహాచలమ్మ అప్పటికే ఫోన్‌లో ఉంది. పరంధామయ్య దీవుల్లోని తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆయన తండ్రి ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే అధ్యక్షుడయ్యాడు. తెలుగువాళ్ళకి కష్టం వచ్చిందంటే కండువా వెతుక్కుంటూ పరిగెత్తుకొస్తాడు. కష్టం రాకపోతే కాస్త నొచ్చుకుంటాడు. బస్సు బజారు చేరేసరికి ఆ కండువా వీళ్ళకోసం స్టాండులో నిలబడి ఉంది.

"ఏం బేటీ, నాకు ఒక్క మాట చెప్పకూడదా? పరాయివాణ్ణా?" అన్నాడు. "ముందు కళ్ళు చూపిద్దాం, చలో. మా మేనల్లుడి కళ్ళద్దాల షాపు సామ్నేనే, ఆ ఎదురుగానే ఉంది. పైసా ఇవ్వక్కర్లేదు."

"బాబాయ్, దీని కళ్ళు బాగున్నాయి."

"అన్నీ బాగుంటే మంచిదే కదమ్మా. చూపిస్తే తప్పేముంది?"

శాంతకుమారి అడ్డం వచ్చేలోపల సింహాచలమ్మ చంద్రిక చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసింది. "మెట్టుంది తల్లీ, జాగర్త" అని కూడా అంది. చంద్రిక మెట్లని రెండేసి చొప్పున ఎక్కే పిల్ల.

మేనల్లుడు చంద్రికని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాల అట్ట చూపించాడు. "చదువమ్మా" అన్నాడు. లోకంలో ఎన్నో పరీక్షలుండగా ఆ పిల్లకి సరిగ్గా ఇదే రావాలా? చంద్రిక మొదటి అక్షరం దగ్గర ఆగింది. రెండోది ఒకటి చెప్పి, కాదంది, ఇంకొకటి చెప్పింది. మూడోదాన్ని వదిలేసి నాలుగోదానికి వెళ్ళింది. మేనల్లుడు అద్దం మార్చాడు. మళ్ళీ మార్చాడు. బల్లమీద అద్దాలు కుప్పపడ్డాయి గానీ అక్షరాలు కుదుటపడలేదు.

"అంత పెద్ద అచ్చరం కూడా కనపడ్డంలేదు" అని సింహాచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కనపడుతోంది మామ్మా. ఏంటో తెలీడంలేదు" అంది చంద్రిక.

"చూడండి సార్, దీనికి అక్షరాలతోనే ఇబ్బంది" అంది శాంతకుమారి. "బొమ్మ చూపించండి, వేళ్ళు చూపించండి, చెబుతుంది."

"మేడమ్, తల్లులు మొదట్లో ఒప్పుకోరు" అన్నాడతను దయగా. ఆ దయకి శాంతకుమారి ఒళ్ళు భగ్గుమంది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు, జాలిపడేవాణ్ణి ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

వెనక పరంధామయ్య ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఆయన సంఘం గ్రూపులో మెసేజీలన్నీ అలా నోటితో చెప్పి, ఫోన్ చేతే రాయించి పంపిస్తాడు. పెద్దవాడు, వేళ్ళు నొప్పులేమో అనుకునేవారు అందరూ. అది పంపిన కాసేపటికే శాంతకుమారి ఫోన్ మోగింది. డిగ్లీపూర్ నుంచి సాంబశివరావు.

"పాపకి ఏమైంది?" అన్నాడు, హలో కూడా అనకుండా. "గ్రూపులో చూశాను. బస్సెక్కేశాను. ఆపరేషన్ నేనొచ్చేదాకా ఆపు."

"ఏ ఆపరేషన్ అండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను" అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది.

శాంతకుమారి కూతుర్ని కుర్చీలోంచి దింపి, ఎవరి మొహమూ చూడకుండా పక్కనున్న లాప్‌టాప్‌ల షాపులోకి నడిచింది. జాలి మొత్తం వెంట వచ్చింది.

షాపువాడు ముందు రంగురంగుల దీపాలు వెలిగే ఆటల లాప్‌టాప్ చూపించాడు. దాని ధర వింటే ఆమె జీతం తలవంచుకుంది. "దీపాలు వద్దు భయ్యా. గట్టిగా చదవాలి, చెప్పింది రాయాలి, కరెంటు పోతే పూటంతా నిలవాలి, నా బోనస్‌లో రావాలి" అందామె. సింహాచలమ్మ ఎర్రది బాగుందంది. పరంధామయ్య తెర పెద్దదుండాలన్నాడు. దాన్ని వాడబోయే పిల్లని అడగాలన్న ఆలోచన ఒక్క షాపువాడికే వచ్చింది. అతను బూడిదరంగుది ఒకటి తీసి చంద్రిక ముందు పెట్టాడు.

"దీదీ, ఈ ధరలో లాస్ట్ పీస్. మళ్ళీ స్టాక్ షిప్‌లో రావాలి."

"పక్కన పెట్టెయ్ భయ్యా" అన్నాడు పరంధామయ్య వెంటనే. "సంఘం కొంటుంది. వచ్చే ఆదివారం స్టేజీమీద పాపకి ఇస్తాం. ఫోటో, శాలువా, అన్నీ."

"పరీక్ష సోమవారం బాబాయ్."

"పరీక్షలు మళ్ళీ వస్తాయి బేటీ. ఇలాంటి సభ మళ్ళీ వస్తుందా?"

శాంతకుమారి ఒకసారి లాప్‌టాప్‌నీ, ఒకసారి కండువానీ చూసింది. తన డబ్బుతో తన కూతురికి ఒక వస్తువు కొనుక్కునే హక్కు ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఇంత కష్టమా? చెడ్డవాళ్ళయితే ఈపాటికి ఇల్లు చేరేది. "సభ మీరు చేసుకోండి, లాప్‌టాప్ నేను కొంటాను" అని సంచి తెరిచింది. పరంధామయ్య ఆ సంచి మూసేశాడు. షాపువాడు ఎవరికి బిల్లు రాయాలో తెలియక ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

చంద్రికకి ఆ గొడవ పట్టలేదు. "భయ్యా, ఇది తెలుగు చదువుతుందా? ఏదైనా పెట్టండి, వింటాను" అంది.

"నా మెసేజే పెట్టు" అన్నాడు పరంధామయ్య, కండువా సర్దుకుంటూ.

షాపువాడు దాన్ని ఆయన ఫోన్‌లోంచి లాప్‌టాప్‌లోకి తెచ్చి పెట్టాడు. లాప్‌టాప్ ఏ భావమూ లేని గొంతుతో షాపంతా వినబడేలా చదివింది. "మన తెలుగు ఆడబిడ్డ చంద్రిక పుట్టుగుడ్డి. నిరుపేద తల్లి శాంతకుమారి కన్నీరు తుడవడానికి సంఘం నడుం కట్టింది. ఆపరేషన్‌కి తలో చెయ్యి వేయండి. వచ్చే ఆదివారం సభ. అందరూ రావాలి."

కొనడానికొచ్చినవాళ్ళంతా తిరిగి చూశారు. కండువా వేసుకుని చెబితే గొప్పగా ఉండే మాటలు అలా బోసిగా వినబడేసరికి పరంధామయ్యకే ఎబ్బెట్టుగా తోచింది.

"మెషీన్ ఏదో తప్పు చదివినట్టుంది" అన్నాడు.

"లేదు తాతగారూ, కరెక్టుగానే చదివింది. మీరు చెప్పిందే తప్పు" అంది చంద్రిక. తర్వాత లాప్‌టాప్ వైపు వంగి మెల్లగా మాట్లాడింది. తెరమీద అక్షరాలు బుద్ధిగా వరసకట్టాయి.

శాంతకుమారి చదువుకుంది. "నా పేరు చంద్రిక. నాకు కళ్ళు బాగా కనిపిస్తాయి. అక్షరాలే కుదురుగా నిలబడవు. ఆపరేషన్ ఏమీ లేదు. మా అమ్మ పేదది కాదు, కోపిష్టిది. ఈ లాప్‌టాప్ మా అమ్మ డబ్బులతో కొంటోంది. సోమవారం నాకు పరీక్ష. ఆదివారం ఎవరూ రావద్దు."

ఏడేళ్ళ బడిలో కూతురు తప్పు లేకుండా రాసిన మొదటి పేరా అది. శాంతకుమారి దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుంది. ఏడిస్తే సింహాచలమ్మ కూడా మొదలుపెడుతుందని ఆపుకుని, డబ్బు బల్లమీద పెట్టింది. ఈసారి ఎవరూ సంచి ముయ్యలేదు. షాపువాడు ఆ పేరాని ఆమె ఫోన్‌కి పంపాడు, ఆమె దాన్ని సంఘం గ్రూపులోకి తోసింది. కాసేపటికి సాంబశివరావు ఫోన్ చేసి బస్సు దిగిపోనా అని అడిగాడు. టికెట్ ఎలాగూ కొన్నారు కదా, వచ్చెయ్యండి అంది.

పరంధామయ్య తన ఫోన్‌లో ఆ మెసేజి తెరిచాడు. చాలాసేపు చూశాడు. ఎవరో దండం బొమ్మ పెట్టారు, ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు, ఆ నవ్వు దేనికో ఆయనకు అంతుపట్టలేదు. చివరికి చంద్రిక పక్కన బెంచీమీద కూర్చుని గొంతు తగ్గించాడు.

"పాపా, నువ్వు రాసింది ఒకసారి మెషీన్ చేత చదివించవా? నేను హిందీ మీడియం. తెలుగు మాట్లాడ్డమే వచ్చు, అక్షరాలు రావు."

పొద్దుటినుంచి దాచుకున్న మాటలన్నీ శాంతకుమారి నోటిదాకా వచ్చాయి. చంద్రిక తల ఎత్తి చూసిన చూపుకి అక్కడే ఆగిపోయాయి.

"ఇందులో సిగ్గేముంది తాతగారూ" అంది చంద్రిక, ఎంతో ఓపికగా. తెలుగు సంఘం అధ్యక్షుడికి అర్థం కావడానికి టైం పడుతుందని మెషీన్ వేగం సగానికి తగ్గించింది.